పనిచోట గాయము – పరిహారములో జాప్యము

మన కళాశాలలో చదువుకొనుచున్న విద్యార్థుల తండ్రులలో పలువురు జిన్నింగు మిల్లులలోను, నాపరాయి పాలిషు కార్ఖానాలలోను, లారీల మీదను, కట్టడపు పనులలోను జీవనము సాగించువారే. దినమంతయు యంత్రముల నడుమ కదలు చేతులకు ఎప్పుడో ఒకనాడు గాయమగును. ఆ గాయము మానుటకు ఎంత కాలము పట్టునో వైద్యుడు చెప్పగలడు. దానికి చట్టము ఇచ్చు పరిహారము చేతికి అందుటకు ఎంత కాలము పట్టునో చెప్పగలవారు మాకు ఇంతవరకు కనబడలేదు. మేము న్యాయవాదులము కాము, తెలుగు బోధించువారము. అయినను తెలుగులో అర్జీ వ్రాయగలవారమన్న కారణముచేత ఇరుగుపొరుగువారు మా వద్దకు వచ్చుచుందురు. శుక్రవారము నమాజు అయిన పిమ్మట మసీదు అరుగు మీద కూర్చుండి వ్రాసినవే వానిలో ఎక్కువ. అట్లు వ్రాయుచు తెలిసికొన్న సంగతులను, పిదప చట్టము చదివి సరిచూచుకొన్న సంగతులను విద్యార్థుల ఉపయోగార్థము ఇక్కడ వివరింపదలచినాము.

పూర్వము యంత్రము చేత గాయపడిన కార్మికుడు యజమాని తప్పును తానే నిరూపింపవలసియుండెను. చేయి పోగొట్టుకొని మంచము పట్టినవానికి అది సాధ్యమగు పని కాదు. జర్మనీలో 1884లోను, బ్రిటనులో 1897లోను వచ్చిన శాసనములు ఈ పద్ధతిని మార్చినవి. ప్రమాదము పనిలో ఉండగా, పని మూలముగా జరిగినదా అన్నదే ప్రశ్న గాని, తప్పు ఎవరిదన్నది ప్రశ్న కాదు అను సూత్రము అప్పుడు నిలిచినది. మన దేశములో ఇదే సూత్రముతో 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టము చేయబడి, 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. 2010 జనవరి నుండి దాని పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టముగా మారినది. నూరేండ్లు నడచిన ఈ చట్టము 2025 నవంబరు 21న తొలగి, దాని స్థానమున 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చినది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదముల వలన కలిగిన హక్కులను పాత చట్టమును బట్టియే చూడవలెను. మేము చెప్పబోవు ఉదంతము అట్టిదే గనుక పాత చట్టమును గూర్చియే ఎక్కువగా చెప్పెదము.

2023 అక్టోబరులో డిగ్రీ మొదటి సంవత్సరపు విద్యార్థి యొకడు తరగతి ముగిసిన పిమ్మట మా వద్దకు వచ్చి, “సార్, మా అబ్బాకు ఒక అర్జీ రాసిస్తారా?” అని అడిగినాడు. ఏమని అడుగగా, “మిల్లులో బొటనవేలు పోయింది సార్. సేటు చూసుకుంటానన్నాడు. చూడలేదు” అన్నాడు. ఎప్పుడని అడిగినాము. “పోయినేడు జనవరిలో” అన్నాడు. మాకు గుండె జల్లుమన్నది. పరిహారము కొరకు దరఖాస్తు చేయుటకు చట్టము ఇచ్చిన గడువు ప్రమాదము జరిగిన నాటి నుండి రెండు సంవత్సరములు. అందులో ఇరువది యొక్క నెలలు అప్పటికే గడచిపోయినవి. తగిన కారణము చూపినచో కమీషనరు ఆలస్యమును మన్నింపవచ్చునని 10వ సెక్షను చెప్పుచున్నది గాని, మన్నింపు కోరుటయే మరియొక వ్యాజ్యమగును.

ఆ తండ్రికి ప్రమాదము నాటికి నలువది యేండ్లు. పత్తి జిన్నింగు మిల్లులో రాత్రి పాళీలో పని. నెలకు పన్నెండు వేలు. తడి పత్తి ముద్దయై రోలరు వద్ద ఇరుక్కొనగా, మిషను ఆపకయే చేతితో లాగబోయినాడు. కుడిచేతి బొటనవ్రేలు నలిగిపోయినది. ఆసుపత్రిలో దానిని మొదలంట తీసివేసినారు. మిల్లు పేరు గాని, మనుష్యుల పేర్లు గాని ఇక్కడ చెప్పము. చెప్పవలసినది మిల్లును గూర్చి కాదు, ఆ తరువాత కాలము ఎట్లు జారిపోయినదన్నదానిని గూర్చి.

జాప్యము ఆఫీసులో మొదలగునని అందరును అనుకొందురు. ఈ ఉదంతములో అది ఆసుపత్రి గుమ్మము వద్దనే మొదలైనది. గాయపడినవానిని ఆసుపత్రికి తీసికొనిపోయినది మిల్లు గుమాస్తా. ఎట్లు జరిగినదని డాక్టరు అడిగినప్పుడు సమాధానము చెప్పినదియు అతడే: “ఇంటి దగ్గర జారి తలుపులో వేలు పడింది” అన్నాడు. చీటీ మీద అదే వ్రాయబడినది. నొప్పితో మూలుగుచున్న మనిషికి ఆ మాట వినబడనైనను లేదు. మరణము గాని, తీవ్రమైన గాయము గాని కలిగిన ప్రమాదములను గూర్చి ఏడు దినములలో కమీషనరుకు నివేదిక పంపవలెనని 10బి సెక్షను విధించినది. ఇంటి వద్ద తలుపులో పడిన వ్రేలికి నివేదిక అక్కరలేదు గదా! ఆ ఒక్క వాక్యమును తుడుచుటకు తరువాత మాకు ఎనిమిది వాయిదాలు పట్టినవి. విద్యార్థులు ఈ వ్యాసములో ఒక్క సంగతినే గుర్తుంచుకొనదలచినచో దీనిని గుర్తుంచుకొందురు గాక: ఇంటివారిలో ఒకరు ఆసుపత్రికి పోయి, ప్రమాదము ఎక్కడ, ఏ యంత్రము వలన, ఏ వేళ జరిగినదో తామే చెప్పి, అది కాగితము మీద పడినదో లేదో చూడవలెను.

సేటు మొదటి దినములలో చెడ్డగా ప్రవర్తింపలేదు. ఈ మాట కూడ చెప్పవలసియున్నది. మందులకు ఇచ్చినాడు. వారమునకు వేయి రూపాయల చొప్పున ఎనిమిది వారములు గుమాస్తా ఫోన్‌పే ద్వారా పంపినాడు. మూడవ నెలలో ఇరువది యైదు వేల రూపాయలు చేతికిచ్చి, ఖాళీ స్టాంపు కాగితము మీద సంతకము తీసికొన్నాడు. “ఇంక నీకూ నాకూ లెక్క సరిపోయింది, భాయ్” అన్నాడట. బొటనవ్రేలు లేని మనిషి ఎడమచేతితో, వణకుచు, ఉర్దూలో తన పేరు వ్రాసినాడు. లెక్క సరిపోయినదనియే ఇంటిల్లపాదియు ఏడాదిన్నర నమ్మినారు. ఇంటరు చదువుచున్న పెద్ద కుమారుడు చదువు మాని వెల్డింగు షెడ్డులో చేరినాడు. మా వద్దకు వచ్చినవాడు రెండవ కుమారుడు.

ఇప్పుడు లెక్క నిజముగా సరిపోయినదా చూతము. గాయపడి పనికి పోలేని కాలములో నెల జీతములో నాలుగవ వంతును ప్రతి అర్ధమాసమునకు ఇయ్యవలెనని 4వ సెక్షను చెప్పుచున్నది. అనగా పన్నెండు వేల జీతగానికి పదునైదు దినములకు మూడు వేలు. మొదటి చెల్లింపు పదునారవ దినమున రావలెను. ఇది సేటు దయ కాదు, చట్టము విధించిన బాకీ. ఇక శాశ్వతముగా పోయిన అంగమునకు వేరు లెక్క యున్నది. నెల జీతములో నూటికి అరువది వంతులు తీసికొని, వయస్సును బట్టి నాలుగవ షెడ్యూలులో ఇచ్చిన సంఖ్యతో హెచ్చింపవలెను. నలువది యేండ్లవానికి ఆ సంఖ్య 184.17. పన్నెండు వేలలో అరువది వంతులు 7,200, దానిని 184.17తో హెచ్చింపగా 13,26,024 రూపాయలు. ఇది సంపూర్ణ అశక్తతకు వచ్చు మొత్తము. బొటనవ్రేలు పోయినచో సంపాదనాశక్తిలో నూటికి ముప్పది వంతులు పోయినట్లని మొదటి షెడ్యూలు చెప్పుచున్నది. కావున ఆ మనిషికి రావలసినది 3,97,807 రూపాయలు. చేతికి వచ్చినది, వారపు డబ్బులతో కలిపి, ముప్పది మూడు వేలు.

అయితే సంతకము చేసిన కాగితము మాటేమి? ఇక్కడనే చదువుకొన్నవారు సైతము పొరబడుదురు. హక్కును వదులుకొనుచు వ్రాసిన ఒప్పందము చెల్లదని 17వ సెక్షను చెప్పుచున్నది. పరిహారమును గూర్చి రాజీ చేసికొన్నచో దాని వివరమును యజమాని కమీషనరుకు పంపి నమోదు చేయింపవలెను. ఆ మొత్తము మరీ తక్కువయని తోచినచో కమీషనరు నమోదు చేయ నిరాకరింపవచ్చును. నమోదు కాని రాజీ యజమానిని పూర్తి బాధ్యత నుండి తప్పింపదు. అంతేకాదు, అట్లు ఇచ్చిన డబ్బులో సగమునకు మించి తగ్గించుకొనుటకు కూడ, కమీషనరు వేరుగా చెప్పిననే తప్ప, వీలులేదని 29వ సెక్షనులో ఉన్నది. ఖాళీ కాగితము మీద సంతకము చేసినానని భయపడి ఇంటిలో కూర్చుండుటయే అన్నిటికంటె పెద్ద జాప్యము.

ఇంత చట్టము ఉండగా ఆ మనిషికి ఎవరును ఎందుకు చెప్పలేదు? పనిలో చేర్చుకొన్నప్పుడే పరిహారపు హక్కును గూర్చి ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికారభాషలో గాని కార్మికునికి వ్రాతమూలముగా తెలియజేయవలెనని 2017లో 17ఎ సెక్షను చేర్చినారు. అట్టి కాగితమును చేతబట్టుకొని వచ్చినవాడొక్కడైనను మా అరుగు మీదికి ఇంతవరకు రాలేదు.

నవంబరులో అర్జీ దాఖలు చేసినాము. మన రాష్ట్రములో కార్మిక శాఖ అధికారులే ఈ చట్టము క్రింద కమీషనర్లుగా విచారణ చేయుచు వచ్చినారు. రెండు నెలల పిమ్మట సేటు సమాధానము వచ్చినది. అందు మూడు మాటలున్నవి. ఒకటి, ఇతడు మా మనిషి కాడు, మేస్త్రీ తెచ్చిన మనిషి. రెండు, ఆపకుండ మిషనులో చేయి పెట్టుట ఇతని తప్పు. మూడు, మాకు ఇ.ఎస్.ఐ. ఉన్నది, అక్కడికి పోవలెను. ఈ మూడును ఎక్కడనైనను వినబడు మాటలే గనుక ఒక్కొక్కదానిని విడదీసి చూచుట మంచిది.

ఇ.ఎస్.ఐ. క్రింద బీమా ఉన్న కార్మికుడు అక్కడి నుండియే సహాయము పొందవలెను; అదే గాయమునకు యజమాని నుండి పరిహారము అడుగ వీలులేదని 1948 నాటి ఆ చట్టము 53వ సెక్షను నిషేధించినది. ఇ.ఎస్.ఐ. మార్గము ఒక విధముగా మేలైనది: తాత్కాలిక అశక్తతకు జీతములో సుమారు నూటికి తొంబది వంతులు ఇచ్చెదరు, శాశ్వత వైకల్యమునకు నెలనెలా భత్యము వచ్చును. కనుక గాయపడినవాడు మొట్టమొదట తెలిసికొనవలసినది తనకు ఇ.ఎస్.ఐ. నంబరు ఉన్నదా లేదా అన్నదే. మార్గము తప్పి ఒక సంవత్సరము తిరిగి, తరువాత రెండవ ఆఫీసుకు పోయినవారిని మేము ఎరుగుదుము. ఈ ఉదంతములో ఇ.ఎస్.ఐ. శాఖాకార్యాలయములో విచారింపగా ఆ మిల్లు నమోదే కాలేదని తేలినది. ఆ ఒక్క జవాబు కాగితము మీద వచ్చుటకు పది వారములు పట్టినది. సమాచార హక్కు చట్టము క్రింద ముప్పది దినములలో సమాధానము ఇయ్యవలెనని తెలిసియు మొదట మామూలు ఉత్తరము వ్రాసి కూర్చున్నాము. ఆ పొరబాటు మాది.

కార్మికుని అజాగ్రత్త అన్నది రెండవ మాట. అజాగ్రత్త వలన పరిహారము పోదు. త్రాగి ఉండుట, భద్రత కొరకు స్పష్టముగా ఇచ్చిన ఆజ్ఞను బుద్ధిపూర్వకముగా ధిక్కరించుట, రక్షణ కొరకు అమర్చిన కవచమును తెలిసి తొలగించుట, వీని వలన కలిగిన గాయమునకే యజమాని తప్పించుకొనగలడు. ఆ గాయము మరణమునకు గాని సంపూర్ణ శాశ్వత అశక్తతకు గాని దారితీసినచో ఆ మినహాయింపు కూడ లేదు. ఆ మిల్లులో కవచమే లేదు. మిషను ఆపి పత్తి తీయవలెనని గోడ మీద వ్రాసిన బోర్డు లేదు. ఆపినచో బేళ్ల లెక్క తగ్గినదని మరునాడు కేకలు మాత్రము ఉన్నవి.

మొదటి మాట, ‘మా మనిషి కాడు’ అన్నది, కష్టతరమైనది. చట్టములో దీనికి సమాధానము తేలిక. యజమాని తన వ్యాపారపు పనిని మేస్త్రీ ద్వారా చేయించినను, ఆ కార్మికునికి పరిహారము తానే ఇచ్చి పిదప మేస్త్రీ వద్ద రాబట్టుకొనవలెనని 12వ సెక్షను చెప్పుచున్నది. కాని ఆ మిల్లులోనే పని చేసినాడని చూపుట ఎట్లు? హాజరుపట్టీలో పేరు లేదు. జీతపు చీటీ లేదు. తోడిపనివారు ముగ్గురిలో ఇద్దరు అప్పటికే వేరే ఊరి మిల్లుకు పోయినారు. మూడవవాడు అదే మిల్లులో ఉన్నాడు గనుక నోరు విప్పడు. చివరకు దారి చూపినది ఆ ఎనిమిది వేయి రూపాయలే. తమ మనిషి కానివానికి మిల్లు గుమాస్తా ఎనిమిది వారములు తప్పక డబ్బు ఎందుకు పంపినాడని బ్యాంకు కాగితము చూపి అడుగగా, గుమాస్తా వద్ద జవాబు లేకపోయినది. ఆసుపత్రి చీటీలోని ‘ఇంటి వద్ద’ అన్న మాటకు కూడ విరుగుడు అనుకోని చోట దొరికినది. పెద్దాసుపత్రికి పోవుటకు ముందు మిల్లు ప్రక్కనున్న చిన్న క్లినిక్కులో కట్టు కట్టినారు. ఆ క్లినిక్కు చీటీని ఇంటి ఇల్లాలు రేషను కార్డుతో కూడ పెట్టెలో దాచియుంచినది. అందు తేదీ, రాత్రి వేళ, మిషను గాయమని వ్రాసియున్నది. కాగితము ఎంత చిన్నదైనను పారవేయరాదు. పాత చీటీలు శుభ్రము చేయుట మంచి అలవాటే గాని గాయము తగిలిన ఇంటిలో కాదు.

అర్జీని మూడు నెలలలో పరిష్కరింపవలెనని 2009 సవరణ ద్వారా 25ఎ సెక్షను చేర్చినారు. మా అర్జీకి పందొమ్మిది నెలలు పట్టినది. ఎవరిని నిందింపవలెను? బీమా కంపెనీకి తాఖీదు పంపుటకు పాలసీ నంబరు కావలెను. సేటు దానిని ఏడవ వాయిదా వరకు ఇయ్యలేదు. 2024లో ఎన్నికల విధుల మీద ఆఫీసు ఖాళీయైనది. సాక్షి రాలేదు. రికార్డు ఉర్దూలో ఒక చీటీ, తెలుగులో మూడు, తక్కినవి ఇంగ్లీషులో. తర్జుమా కొరకు ఒక వాయిదా పోయినది. ప్రతి వాయిదాకును ఒక కారణమున్నది, ఏ కారణమును అబద్ధము కాదు. అన్నియు కలిసి పందొమ్మిది నెలలు.

ఇంతకంటె పొడుగైన వ్యాజ్యములు లేకపోలేదు. మహారాష్ట్రలో ఒక చక్కెర కర్మాగారపు కావలివాడు 2003 ఏప్రిలులో తెల్లవారుజామున మోటారు సైకిలు మీద పనికి పోవుచు, కర్మాగారము ఇంక కొద్ది కిలోమీటర్ల దూరమున ఉండగా ప్రమాదములో మరణించినాడు. 2009లో కమీషనరు కుటుంబమునకు 3,26,140 రూపాయలు ఇయ్యవలెనని తీర్పు చెప్పినారు. పనికి పోవు దారి పనిచోటు కాదని హైకోర్టు దానిని కొట్టివేసినది. 2025 జూలైలో సుప్రీము కోర్టు, ప్రయాణపు వేళకును స్థలమునకును పనితో సంబంధము కనబడుచున్నదని చెప్పి కమీషనరు తీర్పును తిరిగి నిలబెట్టినది. ఇరువది రెండు సంవత్సరములు! పనికి పోవుదారిలోని ప్రమాదమును గూర్చి ఇప్పటి స్మృతిలో స్పష్టముగానే వ్రాయబడినది గనుక ఈ ఒక్క వివాదమైనను ఇకమీద తగ్గవలెను.

జాప్యమునకు చట్టము వెల కట్టకపోలేదు. పరిహారము ఎప్పటి నుండి బాకీయగును అన్నది ఇందులో ముఖ్యమైన ప్రశ్న. కమీషనరు తీర్పు చెప్పిన నాటి నుండియని యజమానులు వాదించుచు వచ్చినారు. 1975లో సుప్రీము కోర్టు నలుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఈ వాదమును త్రోసిపుచ్చి, ప్రమాదము జరిగిన నాడే బాకీ పుట్టినదని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము ఒరిస్సాలో సినిమాహాలు పనిచేయుచు పడి ఎడమచేయి పోగొట్టుకొన్న వడ్రంగిది. ఒంటిచేతితో వడ్రంగము చేయలేడు గనుక అతని అశక్తత సంపూర్ణమేయని కూడ అందు చెప్పినారు. షెడ్యూలులోని వంతులను యాంత్రికముగా చూడరాదని దీనివలన తెలియుచున్నది. 2007లో వచ్చిన మరియొక తీర్పు కొంత గందరగోళము కలిగించినను, 2012లో సుప్రీము కోర్టు పాత తీర్పే సరియైనదని స్థిరపరచినది. బాకీ పుట్టిన నెల దినములలో చెల్లింపనిచో నూటికి సాలుకు 12 రూపాయల సాధారణ వడ్డీ, తగిన కారణము లేనిచో మొత్తములో సగము వరకు జరిమానా, రెండును కార్మికునికే ఇయ్యవలెనని 4ఎ సెక్షను చెప్పుచున్నది. బాధ్యతను కొంతవరకే ఒప్పుకొన్న యజమాని ఆ ఒప్పుకొన్నంత మేర వెంటనే చెల్లింపవలెనని కూడ అందే ఉన్నది.

ఇక్కడ మా అభిప్రాయమును దాచుకొనలేము. నూటికి పన్నెండు రూపాయల వడ్డీ కాగితము మీద బాగుగానే కనబడును. కాని ఈ కుటుంబము ఆ నాలుగేండ్లు బ్రతికినది నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మీద. అనగా సాలుకు ముప్పది యారు. చెల్లింపవలసినవాడు పన్నెండు రూపాయలకు ఆ డబ్బును తన వద్ద ఉంచుకొని వ్యాపారము చేసికొనుచుండగా, పొందవలసినవాడు ముప్పది యారు రూపాయలకు బియ్యము కొనుచున్నాడు. ఈ లెక్కలో జాప్యము ఎవరికి లాభమో వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. వడ్డీ చాలనిచోట పనిచేయవలసినది జరిమానాయే. అయితే దానిని విడిగా అడుగవలెను. యజమానికి సంజాయిషీ చెప్పుకొను అవకాశమిచ్చిన పిమ్మటనే విధింపవలెను. బీమా కంపెనీ పరిహారమును, వడ్డీని భరించును గాని జరిమానాను భరింపదని 1997లో సుప్రీము కోర్టు తీర్పు. కనుకనే యజమాని నిజముగా భయపడునది దీనికొక్కదానికే. మేము వ్రాసిన మొదటి అర్జీలో జరిమానా మాటయే లేదు. తెలియక విడిచినాము. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇచ్చిన న్యాయవాది చూచి 2024లో దానిని చేర్పించినారు. పారిశ్రామిక కార్మికునికి ఆ సంస్థ ద్వారా ఉచితముగా న్యాయవాది లభించును. 1987 నాటి చట్టము ఆ హక్కును ఇచ్చినది. 15100 అను నంబరుకు ఫోను చేసినను దారి చూపుదురు. మొదటి దినముననే అక్కడికి పోవలసినది, అరుగు మీది తెలుగు లెక్చరరు వద్దకు కాదు.

2025 జూనులో తీర్పు వచ్చినది. 3,97,807 రూపాయలు, దాని మీద వడ్డీ. బీమా కంపెనీ సెప్టెంబరులో డబ్బు జమ కట్టినది; వడ్డీయే సుమారు లక్షా డెబ్బది యైదు వేలు. ఇక అంతయు ముగిసినదనుకొన్నాము. డబ్బు తీసికొనుటకు పెట్టిన దరఖాస్తు మీది సంతకము బ్యాంకులోని సంతకముతో సరిపోలేదని కాగితములు తిరిగి వచ్చినవి. బ్యాంకులో ఉన్నది కుడిచేతితో, బొటనవ్రేలితో పట్టిన కలముతో, ఉర్దూలో చేసిన పాత సంతకము. దరఖాస్తు మీద ఉన్నది ఎడమచేతి సంతకము. ఏ వ్రేలు పోయినందుకు డబ్బు ఇచ్చుచున్నారో ఆ వ్రేలు లేదన్న కారణముననే డబ్బు ఆగినది! క్రొత్త సంతకమును బ్యాంకులో నమోదు చేయించి, గుర్తింపు కాగితములు మరల ఇచ్చి, డబ్బు ఖాతాలో పడునప్పటికి డిసెంబరు. కావున చేతికి గాయమైనవారు ఆ చేయి మానిన వెంటనే బ్యాంకులో సంతకము మార్పించుకొనుట అవసరమని ఇక్కడ చేర్చుచున్నాము. ఏ చట్టపు పుస్తకములోను ఈ మాట మాకు కనబడలేదు.

ఇప్పటి స్మృతిలో కమీషనరు స్థానమున ‘సమర్థ అధికారి’ అన్న పేరున్నది. వడ్డీ రేటు నియమముల ద్వారా నిర్ణయింపబడును. సగము వరకు అదనపు మొత్తము రాబట్టు ఏర్పాటు అందును ఉన్నది. పేర్లు మారినను ఆసుపత్రి చీటీ, జీతపు ఆధారము, బ్యాంకు కాగితము, ఇ.ఎస్.ఐ. నంబరు, ఈ నాలుగింటి అవసరము మారలేదు. మన కళాశాల పాలకవర్గము వారికి ఒక విన్నపము: గ్రంథాలయములో ఈ స్మృతి ప్రతిని, వీలైనచో ఉర్దూ, తెలుగు వివరణలతో, ఒకటి ఉంచవలెను, సెలవు దినములలో రెండవ, మూడవ సంవత్సరపు విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుండి అర్జీలు వ్రాసియిచ్చుటకు ఒక గది ఇయ్యవలెను. అరుగు మీద వాన పడినప్పుడు కాగితములు తడియుచున్నవి.

జరిమానా విషయమై సేటుకు వేరుగా పంపిన తాఖీదు మీద విచారణ ఇంకను ముగియలేదు. ఆ విద్యార్థి ఇప్పుడు మూడవ సంవత్సరములో ఉన్నాడు. వచ్చు వాయిదాకు తండ్రితో కూడ ఆఫీసుకు పోవలెనని, ఆనాటి తరగతులకు సెలవు ఇయ్యవలెనని మాకు చీటీ పంపినాడు. చీటీ తెలుగులో వ్రాసి క్రింద ఉర్దూలో సంతకము చేసినాడు. సెలవు మంజూరు చేసినాము.